అటక మీది విత్తనం మూట

తిరుమణిలో మా మేడ గదిని సోలార్ ప్లాంటు పనికి వచ్చేవాళ్లకు రోజు అద్దెకు ఇస్తుంటాం. మూడు రోజులున్న ఇద్దరు ఇంజనీర్లు ఈ రోజు ఖాళీ చేస్తుంటే గది చూడటానికి వెళ్లాను. నేలంతా వేరుశనగ పొట్టు. అటక మీద "విత్తనానికి" అని రాసిపెట్టిన మూట సగానికి దిగింది. వాన పడితే విత్తాలని ఒక్కొక్క కాయా ఏరి దాచుకున్నవి.

"ఏమప్పా, మూట మింద రాసింది సూళ్లేదా?" అన్నాను.

"చూశాం ఆంటీ. కాయలు భలే ఉన్నాయి. వేయించి పెట్టుంటే ఇంకా బాగుండేవి," అన్నాడు ఒకాయన.

"తప్పు నాదే నాయనా. ఈసారి ఏయించే ఇత్తుతాంలే."

ఇద్దరూ హాయిగా నవ్వి కారెక్కారు. ఇప్పుడు సగం చేనికి విత్తనం లేదు, పొట్టు మాత్రం దండిగా ఉంది. పొట్టు విత్తితే మొలుస్తుందేమో, తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.