రూత్ ఆంటీ ఇంట్లో ఒకరోజు ముందొచ్చిన తద్దినం

రూత్ ఆంటీ అగ్గిపుల్ల గీసేసింది. హాల్లో పది మంది లేచి నిలబడ్డారు. నేను వంటింటి గుమ్మంలో చేతులు కట్టుకుని, ఇదంతా నా చలవే అన్నట్టు ముసిముసిగా నవ్వుతున్నాను. ఇంకో నిమిషంలో నా పరువు అమెరికాలో మేముండే ఈ హెర్న్‌డన్ వీధుల్లో పడబోతోందని నాకేం తెలుసు?

ఆంటీ మా పక్క అపార్ట్‌మెంట్‌లో ఉండే యూదుల పెద్దావిడ. డెబ్బై దాటినావిడని పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాదు, అందుకని ఆంటీ. భర్త పోయిన రోజు ఏటా వాళ్ళ క్యాలెండర్ ప్రకారం వస్తుంది. ఆ సాయంత్రం కొవ్వొత్తి వెలిగించి, పది మంది కూడితేనే చదివే ప్రార్థన ఒకటి ఆయన కోసం చదవాలి. తేదీలు రాసిన కార్డు ఇల్లు మారినప్పుడు పోయింది.

"పోయినేడు తప్పిపోయింది. ఈసారీ తప్పితే ఆయనకి నా మొహం ఎలా చూపించను?" అంది.

"నెట్‌లో రెండు నిమిషాల పని ఆంటీ," అన్నాను. ఇంటర్ తప్పినదాన్నే గానీ, తిథుల దగ్గర నాకు ఎదురు లేదు మరి.

వాళ్ళ క్యాలెండర్‌లోకి మార్చే సైట్‌లో ఆయన పోయిన ఇంగ్లీషు తేదీ కొట్టాను. కింద చిన్న గడి: సూర్యాస్తమయం తరవాత పోయారా?

"అది కూడా చూసి నొక్కవే," అన్నాడు మా ఆయన శ్రీను, సోఫాలోంచి.

"చీకటి పడితే తేదీ మారిపోతుందా ఏంటి? మా ఇంట్లో తద్దినాలన్నీ చూసిందాన్ని, నాకు చెప్తావా?"

"నీ ఇష్టం తల్లీ."

గడి వదిలేశాను. వచ్చిన తేదీతో అందరికీ ఈమెయిల్ కూడా నేనే కొట్టాను. అడుసు తొక్కనేల, పది మందిని పిలిచి మరీ చూపించనేల?

ఇక ఆ అగ్గిపుల్ల దగ్గరికొద్దాం. ప్రార్థన చదివించే సాల్ అంకుల్ ఊరుకోక అడిగాడు.

"ఇంతకీ ఎన్నింటికి పోయాడు రూత్?"

"ఆరింటికి. డిసెంబరు కదా, లైట్లు వేసి గంటయింది."

"అంటే పొద్దుగూకాక. మనకి అప్పటికే తరవాతి రోజు మొదలైపోతుంది." వేళ్ళ మీద లెక్కపెట్టి నా వైపు తిరిగాడు. "అమ్మాయ్, అక్కడొక గడి ఉంటుంది. నొక్కావా?"

కట్టుకున్న చేతులు విప్పేశాను. "లేదంకుల్."

"అయితే రూత్, మన లెక్కలో ఈ సాయంత్రానికి నీ మొగుడు ఇంకా బతికే ఉన్నాడు."

మంట వేలిదాకా వచ్చింది. ఆంటీ ఉఫ్‌మని ఊదేసింది. "అవును. సూప్‌లో ఉప్పు లేదని నన్ను తిడుతున్నాడు."

పది మందీ నవ్వారు. నేను తప్ప. ఆవిడ కొవ్వొత్తిని మళ్ళీ డబ్బాలో పెట్టేసింది.

"ఇవాళ్టికి తిట్టనీ. రేపు రండి."

"రేపూ కేక్ ఉంటుందా?" అన్నాడు సాల్ అంకుల్.

"ఆ పిల్ల చేస్తుంది."

అందరూ సరేనన్నారు. నన్నెవరూ అడగలేదు.

ఆ వెలగని కొవ్వొత్తి సాక్షిగా ఒట్టేసుకున్నాను: ఇకమీదట నెట్‌లో ఏ గడినీ చదవకుండా దాటను, అందులోనూ పోయినవాళ్ళ గడి.

మర్నాడు పొద్దున్నే కేక్ ఓవెన్‌లో పెట్టి, ఇండియాకి ఫోన్ చేసి మా అత్తగారిని మామగారి తిథి, పోయిన వేళతో సహా, మళ్ళీ అడిగాను. రెండేళ్ళుగా ఆ తద్దినం తేదీ కూడా నేనే నెట్‌లో చూసి చెప్తున్నాను.