దుందుభి ఒడ్డున కొత్త చెవులు

నాగర్‌కర్నూల్ ఆసుపత్రిలో తమ్ముణ్ణి ఆపరేషన్‌కు తీసుకెళ్తున్నారని ఫోను వచ్చేసరికి నేను ఆటోలో ఉన్నాను. దుందుభి వాగు దగ్గర డ్రైవరు ఆటో ఆపేశాడు. కల్వర్టు మీద నీళ్లు చీలమండ లోతు కూడా లేవు.

"పోనీ బాబూ, తొందరగా వెళ్లాలి" అన్నాను. అతను ఇంజను ఆపాడు. అప్పటిదాకా ఆటోలో కబుర్లాడుతున్న ఆడవాళ్లంతా నోరు మూసుకున్నారు.

పక్కనున్న ముసలమ్మ నా భుజం తట్టింది. "దుందుభి అంటే నగారా, బిడ్డా. ఎగువన వాన పడితే, వరద కనవడకముందే దాని మోత ఇనవడ్తది. గందుకే మా పెద్దలు గా పేరు వెట్టిండ్రు. ఇనకుంట ఎవ్వరం దిగం."

"ఇప్పుడు వినబడుతోందా?"

"మా చెవులకు ఈ చప్పుడు అలవాటైపోయింది. ఒడ్డుకు కొత్తోళ్లు వస్తే వాళ్లనే అడుగుతం. నువ్వు జెప్పు, పోదామా?"

చెవులు రిక్కించాను. నీళ్ల గలగల వెనక, దూరంగా, ఏదో ఉన్నట్టూ ఉంది, లేనట్టూ ఉంది. ఆటోలో అందరూ నావైపే చూస్తున్నారు. అందాకా డ్రైవరును తొందరపెట్టిన నాకు, పోదాం అన్న మాట నోట రాలేదు.

అప్పుడే జేబులో ఫోను మోగింది. ఆసుపత్రి నుంచే. కట్ చేసి, మళ్లీ చెవి ఒగ్గాను.