సుగుణ జడ

దయ్యాలూ గియ్యాలూ నేనెప్పుడూ నమ్మలేదు. నిజం చెప్పాలంటే దేవుడి సంగతీ అంతంతమాత్రమే. లూథరన్ కుటుంబంలో పుట్టాను కాబట్టి క్రిస్మస్‌కీ ఈస్టర్‌కీ చర్చికి వెళ్ళేవాణ్ణి. మిగతా ఆదివారాలు మా ఇద్దరి తరఫునా నా భార్య సుగుణే వెళ్ళేది.

కడియంలో మాకు చిన్న నర్సరీ ఉంది. పిల్లలు లేరు. నిరుడు వర్షాకాలంలో సుగుణ గుండె బాగా బలహీనపడిందనీ, ఇక కొన్ని వారాలేననీ రాజమండ్రి డాక్టరు చెప్పారు. హైదరాబాదు తీసుకెళ్తానని పట్టుబట్టాను. ఆమె ఒప్పుకోలేదు.

"ప్రభువు ఇచ్చిన రోజులు చాలండి. వాటిని ఆసుపత్రుల చుట్టూ తిరిగి పాడుచేసుకోవద్దు" అంది.

చాలట! నాకు చాలలేదు. పైగా ఉన్న ఆ కాస్త టైమూ కళ్ళు మూసుకుని ప్రార్థనలోనే గడిపేది. ఆ ముఖంలో నెమ్మది చూస్తే నాకు ఒళ్ళు మండేది. పెళ్ళాం ఎప్పుడూ పుట్టింటి గొప్పలే చెబుతుంటే మొగుడికి ఎలా ఉంటుందో అలా ఉండేది. దేవుడి మీద అసూయేంటని మీరు నవ్వుకోవచ్చు. నవ్వుకోండి.

ఆమె చేతులు భుజాలు దాటి లేచేవి కావు. తల నేనే దువ్వేవాణ్ణి. అంటు కట్టడంలో నా చేతికి మంచి పేరుంది గానీ జడ మాత్రం కుదిరేది కాదు. వంకరగా వచ్చి, మధ్యాహ్నానికల్లా ఊడిపోయేది. అయినా ఆ పావుగంటా ఆమె నాది.

ఒకరోజు మధ్యాహ్నం వరండాలో మామిడి అంట్లు కడుతున్నాను. ఎవరైనా లోపలికి వెళ్ళాలంటే నన్ను దాటుకునే వెళ్ళాలి. పెరటి తలుపు గడియ నేనే పెట్టాను. లోపల సుగుణ నవ్వింది. చిన్న గొంతుతో మాట్లాడుతోంది. ప్రార్థనేమో అనుకున్నాను. కానీ మధ్యమధ్య ఆగి వింటోంది.

వెళ్ళి చూస్తే ఒక్కతే ఉంది. జడ వేసి ఉంది. పాయకు పాయ సమంగా, బిగుతుగా. దువ్వెన మాత్రం పొద్దున నేను పెట్టినట్టే బీరువా మీద ఉంది.

"ఇదెవరు వేశారు?"

"ప్రభువుని అడిగానండి. మీరు పనిలో ఉన్నారు కదా."

"నన్ను పిలవొచ్చుగా? నేనెక్కడికి పోయాను?"

నన్ను తేరిపార చూసింది. "కుళ్ళుకుంటున్నారా?"

"అవును. ఎలాగూ నిన్ను తీసుకుపోతాడు. ఈ పావుగంట కూడా ఆయనకే కావాలా?" అన్నాను. ఏడుపొచ్చేసింది.

సాయంత్రం పలకరించడానికి వచ్చిన పాస్టరమ్మ గారు, "జడ ఎంత బాగుందో, ఎవరు వేశారండి?" అని అడిగారు. అప్పటిదాకా నా అనుమానం ఆవిడ మీదే ఉంది. రాత్రి పడుకుని లేచినా ఆ జడ సడలలేదు.

పొద్దున్నే సుగుణ దాన్ని విప్పమంది.

"మీరే వెయ్యండి. ప్రభువుతో చెప్పాను. ఏమీ అనుకోరు."

విప్పి, నాకొచ్చినట్టే వేశాను. మళ్ళీ ఏ మధ్యాహ్నమూ లోపలి నుంచి ఆ నవ్వు వినపడలేదు. ఆమె పోయిన రోజు స్నానం చేయించిన ఆడవాళ్ళు జడ సరిచేస్తామన్నారు. చెయ్యి వెయ్యనివ్వలేదు.

ఆ మధ్యాహ్నం ఎవరు వచ్చారో నాకు ఇప్పటికీ తెలియదు. ఎంత ఆలోచించినా తేలడం లేదు. ఆయన దగ్గరికి మాత్రం నేను వేసిన జడతోనే వెళ్ళింది.