కమిటీకి కాళ్లుండాయా?

కోవిల్‌పట్టి శాఖలో నాకు పని నేర్పిన మేనేజరు పోయిన సోమవారం ఉదయం కన్నుమూశారు. విరుదునగర్ హెడ్డాఫీసులో ఉన్న నాకు ఆయన కూతురు ఫోన్ చేసింది. "నాయన పోయినాడక్కా" అంది, అంతే. మా కంపెనీలో ఏ నష్టభయాన్ని ఎవరు చూసుకోవాలో తేల్చే పని ఇప్పుడు నాది. ఆ పనికి నన్ను తయారుచేసింది ఆయనే కనుక ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

మాది చిన్న ఫైనాన్స్ కంపెనీ. విళాత్తికుళం వైపు రైతులు ఎండుమిరప బస్తాలు మా గోదాములో పెట్టి అప్పు తీసుకుంటారు. మేనేజరుగారికి చాదస్తం ఎక్కువ. కూర్చుని సంతకం పెట్టేవారు కాదు. "కూసుంటే చెయ్యి నిద్రపోతాది" అనేవారు. ఆఫీసంతటితో తమిళం మాట్లాడి, కోపం వస్తే మాత్రం నాతో, తరాలుగా తమిళనాట ఉన్న మా ఇళ్లలోని తెలుగులోకి దిగేవారు. ఆ తెలుగు నేను చాలాసార్లే విన్నాను.

చేరిన రెండో ఏడు నేను చేసిన తప్పు చెబుతాను. గోదాము కప్పు చూసే బాధ్యత ఎవరిదని కాగితంలో ఒక గడి ఉండేది. అందులో "కమిటీ" అని రాశాను. కమిటీలో ఉన్న ముగ్గురం సంతకాలు పెట్టాం. కార్తీకం వానలకు కప్పు కారింది. వాళ్లిద్దరూ చూసి ఉంటారని నేను, నేను చూసి ఉంటానని వాళ్లు. పదిమంది చేతిలో పాము చావదంటారు, ఇక్కడ ముగ్గురికే చావలేదు. ఒక రైతు ఏడాది పంట బూజు పట్టింది. ఆయన "పోనీలేమ్మా" అన్నాడు. తిట్టినా బాగుండేది.

"కమిటీకి కాళ్లుండాయా తాయీ, పొయ్యి సూసేదానికి?" అన్నారు మేనేజరుగారు. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ఆయన రైతుకు కంపెనీ చేత నష్టం కట్టించారు. హెడ్డాఫీసుకు పంపే నివేదికలో తప్పు తనదేనని రాసి, లేచి నిలబడి సంతకం చేశారు. తర్వాత కొత్త కాగితం నా ముందు పెట్టి, "ఇప్పుడు వొక మనిసి పేరు రాయి" అన్నారు. నా పేరే రాశాను.

గోదాము తాళంచెవి తీసి నా చేతిలో పెట్టారు. "పేరు రాయించుకోని అదికారం ఇయ్యకుంటే అది బలి. కప్పు బాగలేకుంటే సరుకు దించేది నువ్వే ఆపు. నన్ను గూడా అడగొద్దు."

ఆ రోజు ఆయన బెదిరించి ఉంటే నేను ఈ పనిలో మిగిలేదాన్ని కాదు.

ఇప్పుడు మా శాఖలన్నిటిలో ఆ గడిలో మనుషుల పేర్లే ఉంటాయి. ఆ పేర్లు నిజంగా వాన వచ్చిన రోజు కదులుతాయా అన్న భయం మాత్రం నన్ను వదల్లేదు.

శుక్రవారం కోవిల్‌పట్టి శాఖలో సంతాపసభ పెట్టాం. అందరం లేచి మౌనంగా నిలబడ్డాం. వరండా రేకుల మీద చినుకులు మొదలయ్యాయి. ఇప్పుడు గోదాము బాధ్యత చూసే అమ్మాయి, చేరి ఏడాది కూడా కాలేదు, ఎవరినీ అడక్కుండా బయటికి పరుగెత్తింది. ఆ మౌనంలో స్కూటీ మోత అందరికీ వినిపించింది. కొత్త మేనేజరు ఇబ్బందిగా నా వైపు చూశారు.

నేను కళ్లు తుడుచుకుని గుమ్మం వైపు చూశాను. ఆ పిల్ల చెప్పులు వరండా మెట్ల దగ్గరే వానలో తడుస్తున్నాయి.