నాలుగు రోజుల ఆలస్యం

ఆస్పత్రి కింది అంతస్తులో, దుప్పట్లు ఉతికే గదిని ఆనుకుని ఉన్న గదిలో ఆమె పాఠం చెబుతుంది. ఇరవై రెండేళ్లు సోషల్ వర్కర్‌గా వార్డుల్లో తిరిగి, మోకాళ్లు మొరాయించాక, కొత్తవాళ్లకు శిక్షణ ఇచ్చే పనికి వచ్చింది. బతుకు ఆఖరి రోజుల్లో ఉన్న రోగి పట్ల ఏది న్యాయం, ఏది కాదు అన్నదే పాఠం.

"మంచం మీదున్న మనిషి మాట ముందు. చుట్టూ నిలబడ్డవాళ్ల మాట తర్వాత." మొదటి రోజు అందరికీ ఇదే చెబుతుంది.

పోయిన ఏడు ఆ మంచం మీదకు ఆమె అక్కే చేరింది. ఊపిరితిత్తులు పూర్తిగా పాడయ్యాయి. సోమవారం డాక్టరు ముందే, ఊపిరాడించే మిషన్ పెట్టొద్దని అక్క తేల్చి చెప్పి, కాగితం మీద సంతకం పెట్టింది. తర్వాత చెల్లెలి చెయ్యి పట్టుకుంది.

"ఒసేయ్, నా గొంతులో గొట్టాలు వెయ్యనివ్వకు. మీ బావకి చెప్పడం నావల్ల కాదు. నువ్వే చెప్పు."

సరేనంది. పరాయి ఇళ్లవాళ్లకు వందసార్లు చెప్పిన మాట సొంత బావ దగ్గర పెదవి దాటలేదు. ఆయనేమో ఇంకో డాక్టరంటూ, ఇంకో మందంటూ ఊరంతా కాళ్లరిగేలా తిరుగుతున్నాడు. రేపు చెబుదాంలే అనుకుంటూనే శుక్రవారం వచ్చింది. పొద్దున్నే అక్కకు ఊపిరి అందలేదు.

"మిషన్ పెట్టండి!" అని అరిచాడు బావ.

"వద్దు బావా. అక్క వద్దంది. సంతకం కూడా పెట్టింది."

"ఎప్పుడు?"

"సోమవారం."

ఆయన గోడకు చేరగిలబడ్డాడు. "నాలుగు రోజులు నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నావా? తెలిసుంటే ఎక్కడికీ పోకుండా దాని పక్కనే కూర్చునేవాణ్ణి కదే."

ఆయాసం తెలియకుండా మందిచ్చారు. మధ్యాహ్నానికి అక్క పోయింది. అక్క చెయ్యి బావ చేతిలోనే ఉంది.

ఈ సంగతంతా ఇప్పుడు క్లాసులో దాచకుండా చెబుతుంది. ఒకమ్మాయి అడిగింది: "ఆవిడ కోరిక తీర్చారు కదా మేడమ్, ఇంకా తప్పేముంది?"

"అక్క మాట నిలబెట్టాను. బావకి దక్కాల్సిన రోజులు పోగొట్టాను. రెండూ నేనే చేశానమ్మా."

ఆదివారాలు బావ ఇంటికి వెళ్తుంది. చాలాకాలం ఆయన తలుపు తీసి, పేపరు అడ్డం పెట్టుకునేవాడు. మొన్న మాత్రం పేపరు దించాడు.

"ఆ సోమవారం మీ అక్క ఇంకేమైనా అందా?"

"చాలా అంది బావా" అంటూ ఆమె కుర్చీ దగ్గరకు లాక్కుంది.