అరచేయంత కిటికీ

మంగళవారం పొద్దున అద్దాలావిడ వేలు కోసుకుంది. పాతికేళ్లుగా గాజు కోస్తున్న మనిషి. పనిలో కొత్తగా చేరినవాళ్లకి "ఇక్కడ పరాకు పనికిరాదు, కోసే గాజుపలకని చూడండి, నన్ను కాదు" అని రోజూ చెప్పే మనిషి. ఆ పొద్దున ఆవిడే పలకని చూడలేదు. బల్ల మీద మెత్తటి గుడ్డలో పెట్టిన పాత గాజుముక్కని చూసింది.

యుద్ధకాలంలో పెరిగిన పిల్లల జ్ఞాపకాల కోసం ఊళ్లో మ్యూజియం పెడుతున్నారు. అప్పటి పిల్లలు, ఇప్పుడు జుట్టు నెరిసినవాళ్లు, తమ దగ్గర మిగిలిన వస్తువు ఒకటి తెచ్చి ఇస్తున్నారు. ఒక చెప్పు, కాలిన బొమ్మ, సగం పెన్సిలు. దాని గురించి వాళ్లు చెప్పిన రెండు మాటలు పక్కన పలక మీద రాస్తారు. వాటన్నిటికీ చట్రాలూ అద్దాలూ బిగించే పని అద్దాలావిడది.

ఆ గాజుముక్క అరచేయంత ఉంది. ఒక మూల విరిగింది. అంచున మినపగింజంత గాలిబుడగ. నాలుగేళ్ల వయసులో ఆ బుడగ పక్కన కన్నుపెట్టి ఆవిడ ఏడాదిపాటు లోకాన్ని చూసింది. బాంబులకి ఇంటి అద్దాలన్నీ రాలిపోతే కిటికీలకి ప్లాస్టిక్ పట్టా కొట్టారు. వెలుతురు వచ్చేది, ఏమీ కనిపించేది కాదు. చిన్నది బయటికి చూస్తానని ఒకటే ఏడుపు. బస్సు మెకానిక్కైన తండ్రి శిథిలాల్లో ఈ ముక్క వెతికి తెచ్చి, పట్టాకి కంత చేసి, దాని కంటికి అందేలా అతికించాడు. ఆ చలికాలంలోనే రొట్టె కోసం వెళ్లి మరి తిరిగి రాలేదు. ఆయన ఫొటో కూడా లేదు. ఉన్నది ఇదే.

ఎనిమిదేళ్ల కిందట తల్లి పోయి, ఇల్లు ఖాళీ చేస్తుంటే, అక్క ఫోన్ చేసింది: "అద్దం చెయ్యిజారి పగిలిపోయిందే." వెక్కివెక్కి ఏడ్చిన చెల్లెల్ని అక్కే ఊరుకోబెట్టింది. "నలభై దాటి గాజుముక్క కోసం ఏడుస్తావేంటే, పిచ్చిదానా!"

ఇప్పుడు దాని పక్కన పలక మీద ఇలా ఉంది: "బయటికి చూడాలని ఏడిస్తే నాన్న నా కోసం పెట్టిన కిటికీ." కింద అక్క పేరు.

అద్దాలావిడ వేలికి గుడ్డ చుట్టుకుని అక్కకి ఫోన్ చేసింది.

"పగిలిందన్నావు."

"ఏది?"

"మ్యూజియంలో నా ముందే ఉంది, నిక్షేపంగా."

"అక్కడ అద్దాల పని నీదా? నాకేం తెలుసు!"

"తెలిస్తే ఇచ్చేదానివి కాదు."

"అది కాదే. నీకిస్తే కొట్లో నూరు అద్దాల మధ్య నూట ఒకటోది అయ్యేది. ఇక్కడైతే నలుగురూ చూస్తారు."

"చూడనీ. నీ కోసం పెట్టాడని ఎందుకు చెప్పావు?"

"నాలుగేళ్ల పిల్లవి, నీకేం గుర్తుంటుంది? నేను చెబితే విన్నవే అన్నీ. అందులోంచి చూసీ చూసీ మోకాళ్లు కాయలు కాశాయి నాకు."

"మోకాళ్లెందుకే?"

అప్పటికే పదేళ్ల పిల్లైన అక్క మోకాళ్ల మీద కూర్చుంటే తప్ప కంటికి అందని అద్దం ఎవరి కోసం పెట్టిందో ఇద్దరికీ తెలుసు.

"అవునే, నీకే పెట్టాడు," అంది అక్క చివరికి, గొంతు పెంచి. "ఎప్పుడూ నీకే! నువ్వు లోపల వెచ్చగా కూర్చుని చూశావు. నీళ్ల డబ్బాలు మోసుకుంటూ ఆ రోడ్డు మీద పరిగెత్తింది ఎవరు? అందులోంచి నువ్వు చూసింది నన్నే కదే!"

"అది చెప్పాల్సింది అక్కా. అది నీదే, ఎవరు కాదన్నారు? నాకున్నదే ఒక్కటి. దాన్నెందుకు తీసుకున్నావు?"

అక్క ముక్కు చీదుకోవడం వినిపించింది. "శుక్రవారం ప్రారంభానికి మా పిల్లలందర్నీ రమ్మన్నాను. ఇప్పుడు నా పరువు తియ్యకు."

అద్దాలావిడ ఫోన్ పెట్టేసి మ్యూజియం చూసుకునే మేడమ్ దగ్గరికి వెళ్లి, పలక మీద మాట మార్చమంది.

"ఇచ్చినవాళ్ల మాట మేం మార్చకూడదండీ," అందామె, నొచ్చుకుంటూ. "మీ జ్ఞాపకం కూడా చెప్పండి, సంతోషంగా పెడతాం. ఏదైనా వస్తువు తెస్తే చాలు."

"నా వస్తువు అదేనండీ."

మేడమ్ గోడ కొలతల కాగితం ఆవిడ ముందుకి జరిపింది.

"పోనీ, చట్రం ఎత్తు మార్చొచ్చా? ఐదడుగులని గీశారు."

"అది మీ ఇష్టం. పిల్లలు కూడా వస్తారుగా."

అద్దాలావిడ గాజుముక్కని తుడిచి చట్రంలో పెట్టి ముందు కొత్త అద్దం బిగించింది. అక్క మాటలున్న పలకని కూడా దాని పక్కనే, వంకర లేకుండా కొట్టింది. శుక్రవారం ఆవిడకి ఆసుపత్రి తలుపుల పని ఉంది, ప్రారంభానికి రాదు. అక్క వస్తుంది, పిల్లలతో.

నేల నుంచి చట్రం మధ్యకి మూడడుగులు.