బాబాయి చూసిన ఫ్లోరెన్స్

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఇటలీ దేశపు నగరం ఒకటి కొన్నాళ్లు కాపురముంది. మేమప్పుడు సింగపూరులో, బుకిట్ పంజాంగ్‌లోని ఒక ఎత్తైన భవనంలో ఉండేవాళ్లం. కంప్యూటరు చదువు చదివిన మనవాళ్లు నెలనెలా కొత్తగా వచ్చి దిగుతున్న రోజులవి. అమ్మానాన్నలు, నేను, మా బాబాయి, పెళ్లయి కొత్తగా వచ్చిన పిన్ని, మమ్మల్ని చూసిపోదామని వచ్చిన తాతయ్య, అందరం ఒకే ఫ్లాటులో సర్దుకున్నాం. బాబాయిని కంపెనీ పని మీద ఫ్లోరెన్సుకు పంపుతున్నారని తెలిసిననాటి నుంచి ఇంట్లో మరో మాట లేదు. పిన్ని పుట్టింటికి ఫోను చేసి చెప్పుకుంది. నేను బడిలో చెప్పుకున్నాను.

బాబాయి పెట్టె పట్టుకుని వెళ్లాడు. విమానాశ్రయానికి ఎవరూ రానక్కర్లేదన్నాడు. వారం తరువాత ముఖం కాస్త నల్లబడి, చాక్లెట్లతో తిరిగి వచ్చాడు. ఆ ఆదివారం సాయంత్రం ఇరుగుపొరుగు తెలుగువాళ్లు మా ముందుగదిలో చేరారు. ఫ్లోరెన్సులో ఒక్కరోజు సెలవు దొరికిందనీ, ఊరంతా కాలినడకన చూశాననీ బాబాయి చెప్పడం మొదలుపెట్టాడు. నగల దుకాణాలు బారులు తీరిన పాత వంతెన, ఎర్రని పెంకుల గొప్ప గుమ్మటం, సన్నని రాతి వీధులు, అన్నీ వరుసగా వచ్చాయి. పాఠం అప్పజెప్పినట్టు చెబుతున్నాడు, కానీ వినేవాళ్లకు అదే చాలు. పిన్ని వంటగది గుమ్మంలో నిలబడి, తానే ఆ వీధుల్లో నడిచి వచ్చినంతగా వెలిగిపోతోంది.

"ఇంకా?" అన్నారెవరో. బాబాయి గొంతు మారింది. ఎత్తైన కమానులున్న ఒక పెద్ద భవనం గురించి చెప్పాడు. దాని ముఖాన నిలువెత్తు తెల్లని పాలరాతి మనుషులున్నారట. పొద్దున వాళ్ల ముఖాల మీద వెలుగు ఎలా పడుతుందో, మధ్యాహ్నం వాన వస్తే ఏ విగ్రహం గడ్డం నుంచి నీళ్లు ఎంతసేపు కారుతాయో చెప్పాడు. అంత అందంగా బాబాయి మాట్లాడగా నేనెన్నడూ వినలేదు. తాతయ్య కళ్లజోడు తీసి తుడుచుకోవడం మాత్రం చూశాను.

పక్కింటి అంకుల్ నోరు ఊరుకునేది కాదు. "ఇంతకీ ఫొటోలేవి బాస్? ఇటలీ వెళ్లి ఒక్క ఫొటో లేకుండా వచ్చింది ప్రపంచంలో నువ్వొక్కడివేనయ్యా! అసలు ఫ్లైటెక్కావా, మధ్యలో దిగిపోయావా?" అన్నాడు. అందరూ నవ్వారు. కెమెరా పోయిందని బాబాయి గొణిగాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"ఫొటో ఎందుకయ్యా! వాడు చెబుతుంటే నా కళ్లకు కట్టింది. నీకు కట్టకపోతే ఆ లోపం వాడిది కాదు" అన్నారు తాతయ్య. ఈసారి నవ్వు అంకుల్ మీదికి మళ్లింది. నేనూ చప్పట్లు కొట్టి నవ్వాను.

మరునాడు బడికి సెలవు. మలేషియా వెళ్లే రైళ్ల వేళలు కనుక్కోవాలనీ, తంజోంగ్ పగార్ దగ్గరి పాత రైల్వే స్టేషనుకు తీసుకువెళ్లమనీ తాతయ్య బాబాయిని అడిగారు. ఆఫీసుందని బాబాయి నసిగాడు. "ఒక్కపూట ఆలస్యంగా వెళ్లరా. ఆ స్టేషను నేనొకసారి చూశాను, ఈసారి నీతో చూస్తాను" అన్నారాయన. నేనూ బయలుదేరాను.

మెట్రో రైలు దిగాక, స్టేషనుకు టాక్సీ పిలవబోతే తాతయ్య వద్దన్నారు. చెక్క కిటికీల పాత దుకాణాల వెంట ముగ్గురం నడిచాం. ప్రతి ఇంటి ముందూ ఆగి, ఇదెన్నాళ్లనాటిదిరా, ఈ రంగు బాగుంది కదూ అని ఆయన యాత్రికుడిలా అడుగుతున్నారు. బాబాయి జవాబులు పొట్టివవుతున్నాయి. స్టేషను దగ్గరపడేకొద్దీ అతని అడుగు వెనకబడుతోంది. అప్పుడు నేను తలెత్తి చూశాను. ఎత్తైన కమానులు, వాటి నడుమ నిలువెత్తు తెల్లని మనుషులు.

"తాతయ్యా, సేమ్ లా! బాబాయి చెప్పిన బొమ్మలు ఇవే లా!" అని బడిలో అలవాటైన సింగపూరు యాసలో కేక వేశాను.

బాబాయి ముఖం చూశాక నాకు సంగతి కొంచెం కొంచెంగా అర్థమైంది. మొదట వచ్చింది జాలి కాదు, బడిలో ఇక ఏం చెప్పాలన్న ఉక్రోషం. ఆ మరుక్షణమే, పెద్దవాడొకడు నా ఎదుట తల దించుకుని నిలబడ్డాడన్న సిగ్గు ముంచుకొచ్చింది. ఎటు చూడాలో తెలియక నా బూట్ల వైపు చూసుకున్నాను.

తాతయ్య మాత్రం విగ్రహాలనే చూస్తున్నారు. "ఉన్నవి ఉన్నట్టే చెప్పావురా" అన్నారు మెల్లగా.

లోపలి బల్ల మీద కూర్చున్నాక బాబాయి ఏడ్చాడు. ప్రయాణం నిజంగానే ఖాయమైందట. బయలుదేరవలసిన ముందురోజు కంపెనీవాళ్లు ప్రయాణాన్నీ ఉద్యోగాన్నీ ఒకేసారి తీసేశారట. ఇంత చెప్పుకున్నాక ఇంట్లో ఏ ముఖంతో చెప్పాలో తెలియక పెట్టెతో బయటపడ్డాడు. పెట్టె ఉన్న మనిషిని రైల్వే స్టేషనులో ఎవరూ ఏమీ అడగరు. పగళ్లు అక్కడ, రాత్రులు ఒక స్నేహితుడి గదిలో గడిపాడు. ఉద్యోగం లేదు కనుక కొద్ది వారాల్లో దేశం విడిచి వెళ్లాలి. పిన్నికి ఏమీ తెలియదు.

తాతయ్య కోప్పడతారనుకున్నాను. ఆయన అడిగింది ఒక్కటే. "అన్నాళ్లూ ఏం తిన్నావురా?"

"ఇక్కడే, ఆ కొట్లో పరోటా."

"అయితే పద, మాకూ పెట్టించు. నువ్వు కూర్చున్న చోటు చూపించు. ఆ ఫ్లోరెన్సు కాదురా, ఇది చూద్దామనే వచ్చాను."

ఆ పూట బాబాయి మాకు తన వారాన్ని చూపించాడు. ఎండ పడని బల్ల ఏదో, వాన చప్పుడు ఎక్కడ బాగా వినిపిస్తుందో, ఏ రైలుకు ఎక్కువమంది ఏడుస్తారో. తాతయ్య ప్రతి చోటా ఆగి శ్రద్ధగా చూశారు. ఆ భవనాన్ని మరే యాత్రికుడూ అంత గౌరవంగా చూసి ఉండడు.

తిరుగు దారిలో బాబాయి అడిగాడు, "నాన్నా, మీ కోడలికి మీరు చెబుతారా?"

"నేను చెబితే అది ఫిర్యాదవుతుంది. నువ్వే చెప్పుకోవాలి. నేను బయట ఉంటాను."

ఇల్లు చేరాక బాబాయి పిన్ని ఉన్న గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. నేను చటుక్కున వరండాలోకి తెరుచుకునే ఆ గది కిటికీ దగ్గర చెవి పెట్టబోయాను. తాతయ్య నా చేయి పట్టుకుని, పొడవైన ఆ వరండా చివరిదాకా, ఏ మాటా వినబడనంత దూరం నడిపించుకుపోయారు. పిన్ని ఏమన్నదో, ఏడ్చిందో, తిట్టిందో నాకు ఇప్పటికీ తెలియదు. నెల తిరక్కుండా ఇద్దరూ హైదరాబాదు వెళ్లిపోయారు. సామాను మోస్తున్నప్పుడు పిన్ని బాబాయి చేతిలోని బరువైన సంచీ తాను అందుకుంది. నేను చూసినంతవరకు అంతే.

నేనూ ఇప్పుడు ఇంటి పెద్దల వరుసలో చేరాను. ఎదుటివాళ్ల మాటలో బొంకు నాకు తొందరగానే తెలిసిపోతుంది. తెలియగానే, పదిమందిలో అనేయాలని నాలుక దురద పెడుతుంది కూడా. అప్పుడు ఆ రోజు నేను వేసిన కేక చెవిలో మోగి, ముఖం వెచ్చబడుతుంది. మాట మింగి, ఆ మనిషికి తలుపు వేసుకునే వ్యవధి ఇచ్చి, నాలుగడుగులు పక్కకు నడుస్తాను.